ఇండియా ఫుట్‌బాల్‌కి కొత్త కోచ్: బయటాయనా, మనవాడా?

యారాడ కుర్రోడు
2025 జులై 27

ఇక్కడ తొంభై పాళ్లు క్రికెట్టే నడుస్తుందని తెలుసు, అయినా అడుగుతున్నా. పొద్దున ఏయూ గ్రౌండులో ఆట అయ్యాక టీ కొట్టు దగ్గర మేం ఎనిమిది మందిమి దీని మీద గంటసేపు అరుచుకున్నాం. తేలలేదు. చివరికి టీ కొట్టాయన "ఎవడైతే ఏటి బాబూ, ముందు గ్లాసులిచ్చేయండి" అన్నాక లేచాం.

సంగతేంటంటే ఇండియా కోచ్ మనోలో మార్కెజ్ వెళ్లిపోయాడు కదా. ఆ ఉద్యోగానికి 170 మంది దరఖాస్తు పెట్టుకుంటే ఫుట్‌బాల్ ఫెడరేషన్‌లో పాత స్టార్ ఐ.ఎం.విజయన్ టెక్నికల్ కమిటీ ముగ్గుర్ని మిగిల్చింది. ఒకరు స్టీఫెన్ కాన్‌స్టంటైన్, మన దగ్గర ఇప్పటికే రెండుసార్లు చేసిన ఇంగ్లిష్ ఆయన. రెండో ఆయన స్టెఫాన్ తార్కోవిచ్, యూరో 2020లో స్లొవాకియాని నడిపించి తర్వాత కిర్గిజ్‌స్తాన్‌కి చేసినాయన. ఇక ఖాలిద్ జమీల్, జంషెడ్‌పూర్ క్లబ్ కోచ్, మనవాడు.

నా ఓటు తార్కోవిచ్‌కి. జూన్ 10న హాంకాంగ్ మ్యాచ్ ఆర్కే బీచ్ గట్టు మీద నలుగురం ఒక్క ఫోన్లో చూశాం, వెలుతురుకి స్క్రీన్ కనపడక నెత్తిన తువ్వాలు కప్పుకుని మరీ. 0-0తో అయిపోతుందిలే అనుకుని ముంత మసాలా పొట్లం విప్పాం. 90 నిమిషాలు దాటాక పెనాల్టీ ఇచ్చాడు, గోల్, 0-1. పొట్లం చేతిలోనే మెత్తబడిపోయింది, ఒక్కడూ తినలేదు. అంతకుముందు షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. ఇవి ఆసియా కప్ క్వాలిఫయర్లు, నాలుగు టీముల గ్రూపులోంచి ఒక్కటే పైకెళ్తుంది, మనకి రెండు మ్యాచ్‌లకి ఒక్క పాయింటు. ఫిఫా ర్యాంకు 133. ఇలాంటప్పుడు యూరోలో స్పెయిన్, పోలండ్‌లతో ఆడించినాయన దొరుకుతుంటే మనవాణ్ని పెట్టి ప్రయోగాలెందుకు? నాది తప్పయితే ఎందుకు తప్పో చెప్పండి. ఊరికే దేశభక్తి మాత్రం వద్దు.


గాజువాక గోలీ
2025 జులై 27

170 మందిలో యూరప్ పెద్ద కోచ్‌లు గార్డియోలా పేరూ, జావీ పేరూ ఉన్నాయని రెండు రోజులు ఊరంతా ఊగిపోయారు, తీరా ఫెడరేషనే ఆ మెయిళ్లు నిజమైనవి కావని చెప్పింది. ఎవడో ఇంట్లో కూర్చుని మెయిల్ కొడితే జావీ వచ్చేస్తున్నాడని పేపర్లు రాశాయి. నేనూ ఒకటి కొట్టుంటే పోయేది, 171 అయ్యేది.

నా ఓటు సంగతా? ఎవరొచ్చినా గోల్ వేసేవాడు కావాలి గురూ. 40 ఏళ్ల స్ట్రైకర్ సునీల్ ఛెత్రీని రిటైర్మెంట్ నుంచి వెనక్కి పిలిపించుకున్న టీమ్ మనది. 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో దండం పెట్టి వెళ్లిపోయాడు, ఆ రోజు మా అన్నయ్య ఏడ్చాడు కూడా. తొమ్మిది నెలలకి మళ్లీ వచ్చాడు, వస్తూనే మాల్దీవ్స్ మీద గోల్ కొట్టాడు. దానికి సంతోషించాలో సిగ్గుపడాలో నాకిప్పటికీ అర్థం కాదు.


లెక్కల బాబు
2025 జులై 27

యారాడ తమ్ముడూ, బయటాయన అనగానే ఒకే రకం మనిషి అనుకోకు. 2006లో బాబ్ హాటన్ వచ్చాడు, ఐదేళ్లున్నాడు. 2007లో, 2009లో నెహ్రూ కప్, 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్. ఆ ఛాలెంజ్ కప్ గెలిచినందుకే 2011 ఆసియా కప్‌కి టికెట్ దొరికింది. 2015లో కాన్‌స్టంటైన్ రెండోసారి వచ్చేసరికి మన ర్యాంకు 170 దాటి ఉంది, 2017కల్లా 96కి తెచ్చాడు. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టాం, ఆఖరి మ్యాచ్‌లో బహ్రెయిన్ చేతిలో 90 దాటాక పెనాల్టీతో 0-1. అవును, నీ హాంకాంగ్ సీనే, అచ్చం. ఆయన అదే రాత్రి రాజీనామా ఇచ్చేశాడు.

తర్వాత కోచ్ ఇగోర్ స్టిమాచ్. 1998లో క్రొయేషియా ప్రపంచకప్‌లో మూడో స్థానం తెచ్చుకున్నప్పుడు ఆ టీమ్‌లో ఆడినవాడు, అంటే నీ లెక్క ప్రకారం తార్కోవిచ్ కంటే పెద్ద పేరు. 2023లో 99కి తెచ్చాడు, బానే ఉంది. 2024 జనవరిలో ఆసియా కప్‌కి వెళ్లి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం, ఒక్క గోల్ కూడా లేదు. మార్చిలో గువాహటీలో అఫ్గానిస్తాన్ మీద కూడా ఓడిపోయాం. అప్పటికే ఆయన కాంట్రాక్టుని 2026 దాకా పొడిగించి కూర్చున్నారు, జూన్‌లో తీసేశారు, ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చింది. చొక్కా కొలతలు తీసుకోకుండా కుట్టించేసి తర్వాత టైలర్‌ని తిట్టినట్టుంటుంది మనవాళ్ల పని.

మనోలో మంచి కోచ్ కాడని ఎవరూ అనలేరు. 2022లో హైదరాబాద్‌కి ఐఎస్ఎల్ (మన పెద్ద క్లబ్ లీగ్) కప్పు తెచ్చినాయన. కానీ గోవా క్లబ్ పనీ దేశం పనీ ఒకేసారి చేయించారు. ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, అదీ మాల్దీవ్స్ మీద.

కాబట్టి పాస్‌పోర్టు చూసి ఓటెయ్యకు.


డ్రిల్లు మాస్టారి శిష్యుడు
2025 జులై 28

బాబూ యారాడా, నాకు అరవై ఆరు. జ్ఞానాపురంలో పుట్టాను, రైల్వే గ్రౌండు గోడ దూకి ఆట నేర్చుకున్నవాణ్ని. నీ ప్రశ్నకి జవాబు చెప్పను గానీ ఒక బడి పంతులు గురించి చెప్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్, అప్పట్లో ఇండియా జట్టు కోచ్. ఇప్పటి కుర్రాళ్లు ఆయన్ని సినిమా చూసి తెలుసుకున్నారు, సంతోషం. కానీ సినిమాలో రెండు మూడు నిమిషాల్లో తేలిపోయేది అసలు పదేళ్ల పని. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో కొట్టింది. పది గోల్స్! మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు, ఆ చలిలో. ఈ రోజుల్లో అయితే ఆ కోచ్ విమానం దిగేలోపే మీరంతా ఫోన్లు తీసి ఉద్యోగం పీకేద్దురు. ఆయన్ని ఉంచారు. నాలుగేళ్లకి మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీద 4-2తో కొట్టాం, నెవిల్ డిసౌజా మూడు గోల్స్, సెమీఫైనల్ ఆడాం, నాలుగో స్థానం. మళ్లీ అదే యుగోస్లావియా ఓడించింది, ఈసారి 4-1. పదికీ నాలుక్కీ మధ్య తేడా ఉంది చూశావూ, కోచ్‌కి జీతం ఇచ్చేది దానికే.

ఇంకో సంగతి. 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో కొట్టింది. తర్వాత థాయ్‌లాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్‌కి తల పగిలింది, కుట్లు పడ్డాయి. జర్నైల్ డిఫెండరు. ఆ తలతో వెనకాల హెడింగులు చేయలేడు, పక్కన కూర్చోబెట్టడానికి మనసొప్పలేదు. రహీమ్ గారేం చేశారంటే తీసుకెళ్లి ముందు, సెంటర్ ఫార్వర్డ్‌లో పెట్టారు. వాడు సెమీస్‌లో గోల్ కొట్టాడు, ఫైనల్లోనూ కొట్టాడు. ఫైనల్లో ఎదురు ఎవరు? మొదటి రోజు మనల్ని కొట్టిన కొరియానే. ఈసారి 2-1, ఒకటి పి.కె. బెనర్జీది, ఒకటి జర్నైల్‌ది. స్టేడియం నిండా లక్షమంది మనకి వ్యతిరేకంగా అరుస్తుంటే గెలిచిన బంగారం అది. అప్పటికే ఆయనకి కాన్సర్. మరుసటేడు పోయారు.

పది పన్నెండు రోజులు, చేతిలో ఉన్న మనుషులు, మొదటి రోజు కొట్టిన వాడే ఆఖరి రోజు మళ్లీ ఎదురు. జాతీయ జట్టు కోచ్ పనంటే ఇదే. క్లబ్ కోచ్‌కి ఏడాది పొడవునా కుర్రాళ్లుంటారు, తప్పు చేస్తే మర్నాడు దిద్దుకుంటాడు. వీడికి ఎవరి దగ్గరో పెరిగిన పిల్లల్ని పది రోజులకి అరువిస్తారు. సోమవారం వస్తారు, ఇద్దరికి పిక్కలు పట్టేస్తాయి, శుక్రవారం మ్యాచ్. కాబట్టి ముగ్గురిలో ఎవరని అడిగితే, ఆ పది రోజుల్లో ఎవడి మొహం చూసి ఎవణ్ని ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు ఎవడో చూడు. మన కుర్రాళ్లని రోజూ చూస్తున్నవాడు స్లొవాకియాలో ఉండడు.


యారాడ కుర్రోడు
2025 జులై 28

మావయ్యా, కథ చదువుతుంటే రోమాలు నిక్కబొడిచాయి, నిజం. కానీ మీరు దెబ్బ వేరే చోట వేశారు. రహీమ్ గారి కాలంలో ఆసియాలో జపాన్, కొరియాలు ఇంత దూరం పోలేదు. ఇప్పుడు ఉజ్బెకిస్తాన్ ప్రపంచకప్‌కే వెళ్తోంది. ఇన్నేళ్లలో మనవాళ్లలో ఒక్కరికైనా ఆ స్థాయి అనుభవం ఉందా? చివరిసారి మన కోచ్ అంటే సావియో మెడీరా, 2011-12లో. ఆ తర్వాత ఒక్కణ్నీ నమ్మలేదంటే కారణం ఉండాలిగా.


గాజువాక గోలీ
2025 జులై 28

నమ్మలేదు కాబట్టి అనుభవం లేదు, అనుభవం లేదు కాబట్టి నమ్మరు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంది.

ఖాలిద్‌ని మరీ తీసిపారేయకు. ఐజ్వాల్ గుర్తుందా? 2015-16లో జాతీయ క్లబ్ లీగ్ ఐ-లీగ్ నుంచి దిగిపోయిన మిజోరం క్లబ్బు, గోవా టీములు తప్పుకుంటే ఖాళీలో మళ్లీ ఎక్కింది, ఖాలిద్ వెళ్లిన మొదటి సీజన్‌లోనే ఛాంపియన్. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, బెంగళూరు అందరూ ఉండగా. ఒకటే ఇబ్బంది, ఆయన ఆట చూడటానికి కళ్లకింపుగా ఉండదు, తలుపులన్నీ మూసేసి కిటికీలోంచి రాయి విసిరే రకం. నేను గోలీని, అంటే గోల్‌కీపర్ని, కాబట్టి నాకు తలుపులు మూసేవాళ్లంటే ఇష్టం.


పన్నెండేళ్ల పిల్లల కోచ్
2025 జులై 29

మీ అందరి మాటలూ చదివి రెండు రోజులుగా ఆగాను, ఇక రాయకుండా ఉండలేను. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా అండర్-13 పిల్లలకి నేర్పుతాను, కోచింగ్‌కి డీ లైసెన్స్ ఉంది, దాని మీద బతకలేం కాబట్టి పగలు వేరే ఉద్యోగం.

మా అకాడమీ పేరు చెప్పను. రెండేళ్లలో అక్కడ నాలుగో కోచ్‌ని నేను. మొదటాయన గోలీ దగ్గర్నుంచి చిన్న చిన్న పాసులతో రమ్మన్నాడట. రెండో ఆయన అదంతా సోకు, బంతి దొరికితే దూరంగా తన్నండి అన్నాడు. మూడో ఆయన మూడు నెలలే ఉన్నాడు, పిల్లలకి ఆయన ఈల తప్ప ఏమీ గుర్తులేదు. నేను చేరిన మొదటి వారం ప్రాక్టీస్ మ్యాచ్ పెట్టాను. మా గోలీ, పదకొండేళ్లవాడు, బంతి చేత్తో పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పక్కనున్నవాడికి ఇవ్వాలా, దూరంగా తన్నాలా తెలియక నావైపు చూస్తున్నాడు. నేను ఏదీ చెప్పలేదు, వాడేం చేస్తాడో చూద్దామని. వాడు బంతి కింద పెట్టి "సార్, మీరు ఏ రకం?" అని అడిగాడు. ఆ రోజు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు నాకు.

హాంకాంగ్ మ్యాచ్‌లో మనవాళ్ల కాళ్ల దగ్గరికి బంతి వచ్చిన ప్రతిసారీ నాకు వాడే కనిపించాడు.

యారాడ తమ్ముడూ, గోల్స్ గురించి కూడా ఒక మాట. మా దగ్గరికి వచ్చే ప్రతి అమ్మానాన్నా "మావాణ్ని ఫార్వర్డ్ ఆడించండి సార్" అంటారు, ఫార్వర్డ్ కావాలనే పిల్లలకి కొదవే లేదు. వాడు పద్దెనిమిదేళ్లకి క్లబ్‌కి వెళ్తే అక్కడ తొమ్మిదో నంబర్, అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్, ఎవడు? ఐఎస్ఎల్‌లో నలుగురు విదేశీ ఆటగాళ్లు ఒకేసారి ఆడొచ్చు, ప్రతి క్లబ్బూ ఆ నలుగురిలో ఒకణ్ని గోల్స్ కొట్టడానికే తెచ్చుకుంటుంది. వాళ్ల తప్పేం లేదు, గెలవాలిగా. మనవాణ్ని పక్క రెక్క (వింగ్) మీదికి నెట్టేస్తారు, లేదా బెంచ్. పదేళ్లకి జాతీయ కోచ్ వచ్చి "స్ట్రైకర్ ఏడీ?" అని వెతుక్కుంటాడు. అప్పుడు కోచ్ స్లొవాకియా వాడైతేనేం, సింహాచలం వాడైతేనేం. పైగా ఈ నెలలో ఐఎస్ఎల్‌నే ఆపేశారు, కాంట్రాక్టు గొడవ, ఎప్పుడు మొదలవుతుందో తెలీదు. ఆటే ఆడని కుర్రాళ్లని పది రోజులు అరువు తెచ్చుకుని మాత్రం ఏం చేస్తాడు?

నా ఓటు ఖాలిద్‌కి. ఆయన గొప్పవాడని కాదు. కనీసం ఏ క్లబ్‌లో ఏ కుర్రాడు బెంచ్ మీద కుళ్లిపోతున్నాడో పేరుతో సహా తెలుసు. అయితే ఒక్క షరతు, ఎవర్ని పెట్టినా మూడేళ్లు కదపకూడదు.


లెక్కల బాబు
2025 ఆగస్టు 1

ఖాలిద్ జమీలే. ఇప్పుడే ప్రకటించారు. యారాడ తమ్ముడు టీ బాకీ.


యారాడ కుర్రోడు
2025 సెప్టెంబర్ 9

సరే, బహిరంగంగా ఒప్పుకుంటున్నా. కాఫా నేషన్స్ కప్‌లో తజికిస్తాన్‌ని వాళ్ల ఊళ్లోనే 2-1తో కొట్టాం. ఇరాన్ 3-0తో కొట్టింది, అది ఇరాన్, వదిలేద్దాం. అఫ్గానిస్తాన్‌తో 0-0. నిన్న మూడో స్థానం మ్యాచ్‌లో ఒమన్‌తో 1-1, పెనాల్టీల్లో గెలిచాం, ఆఖరిది గుర్‌ప్రీత్ ఆపాడు. ఛెత్రీని తీసుకోలేదు, మోహన్ బగాన్ తన కుర్రాళ్లని పంపలేదు, అయినా సరే. మావయ్యా, మీరన్న అరువు సంగతి ఇదేనా? అరువు కూడా పూర్తిగా ఇవ్వలేదు కదా.

అక్టోబర్‌లో సింగపూర్‌తో రెండు ఆసియా కప్ క్వాలిఫయర్లు. గెలుస్తాం.


గాజువాక గోలీ
2025 అక్టోబర్ 14

ఎవరైనా మేలుకున్నారా.

9న సింగపూర్‌లో పది మందితో ఆడి 90వ నిమిషంలో సమం చేసినప్పుడు నేను మంచం మీంచి దూకాను, మా ఆవిడ తిట్టింది. ఆ గోల్ కొట్టిన కుర్రాడి పేరు రహీమ్ అలీ, మావయ్య గారు గుర్తొచ్చారు. ఈరోజు మార్గావ్‌లో మనమే ముందు కొట్టాం, ఛాంగ్తే ఎంత బాగా కొట్టాడో. విరామం ముందు ఒకటి ఇచ్చేశాం, తర్వాత ఇంకోటి. 1-2. ఆసియా కప్ ఆశలు ఐపోయాయి. 2019లో ఆడాం, 2024లో జరిగిన 2023 టోర్నీ ఆడాం, 2027కి లేం.

నేనిక ఒక్క ముక్క కూడా రాయను.


బీచ్ రోడ్ బుల్లోడు
2025 నవంబర్ 19

కొత్తగా చేరాను, పైనంతా చదివా. ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1, 22 ఏళ్లలో ఎప్పుడూ వాళ్లకి ఓడలేదు. ఇంకా ఈ ఖాలిద్‌ని ఉంచడమేంటి? వెంటనే తీసేసి బయటాయన్ని తేవాలి. మొదట యారాడ అన్న చెప్పిందే రైటు.


యారాడ కుర్రోడు
2025 నవంబర్ 19

తమ్ముడూ, రాత్రి మ్యాచ్ అయ్యాక నేనూ అదే అన్నాను, ఇంకా ఘోరంగా అన్నాను, ఇక్కడ రాయలేను. పొద్దున లేచి పైన కోచ్ అన్నయ్య రాసింది మళ్లీ చదివా, "సార్, మీరు ఏ రకం?" అన్న ముక్క. ఆగస్టు నుంచి నవంబర్ దాకా నాలుగు నెలలు, అందులో లీగ్ ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఇప్పుడు ఈయన్ని పంపేస్తే ఇంకో 170 మంది మెయిళ్లు పెడతారు, జావీ పేరుతో మళ్లీ ఎవడో పెడతాడు.

ఖాలిద్ తప్పు లేదని కాదు. మార్గావ్‌లో గోల్ కొట్టాక అంత వెనక్కి వెళ్లిపోవడం ఏంటి, దానికి ఆయనే జవాబు చెప్పాలి. గోలీ అన్నా, నీ తలుపులు మూసే సిద్ధాంతం అక్కడే దెబ్బతింది.


గాజువాక గోలీ
2025 నవంబర్ 19

రాయనన్నాను గానీ రాస్తున్నా. తలుపులు మూశాడు సరే, కిటికీలోంచి విసరడానికి రాయి లేదు.


పన్నెండేళ్ల పిల్లల కోచ్
2025 నవంబర్ 20

మా గోలీ సంగతి ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నా. వాడిప్పుడు నావైపు చూడటం మానేశాడు. బంతి పట్టుకోగానే ఎడమవైపు బ్యాక్‌కి దొర్లిస్తాడు. పదిలో మూడుసార్లు ఎదుటివాడికి చిక్కుతుంది, గోల్ తింటాం. పోయిన ఆదివారం వాళ్ల నాన్న వచ్చి "ఎందుకు సార్ ఈ రిస్కు, దూరంగా తన్నమనండి" అన్నారు. వచ్చే ఏడాది చూద్దామండీ అన్నాను. ఆయన ఫీజు కట్టి వెళ్లారు, అది చాలు.


డ్రిల్లు మాస్టారి శిష్యుడు
2025 నవంబర్ 20

కోచ్ గారూ, మీ పిల్లల్ని చూడాలనుంది. ఏ గ్రౌండో ఇక్కడ చెప్పకండి, విడిగా మెసేజ్ పెట్టండి, వస్తాను.

యారాడ బాబూ, మార్చిలో హాంకాంగ్ మ్యాచ్ మన దేశంలోనే. గెలిచినా ఒరిగేదేం లేదు, అయినా చూస్తాను. బీచ్ గట్టు మీద తువ్వాళ్లు కప్పుకోవడాలు వద్దు, మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది, నీ ఎనిమిది మందినీ తీసుకురా. ముంత మసాలా మాత్రం మీరే తేవాలి, మా ఇంట్లో కారం తిననివ్వరు.